డ్రైవరు తలుపు

పొద్దున్నే ల్యాబు షట్టరు ఎత్తగానే పాల్ చేసే మొదటి పని ఒకటుంది. ముందు రోజు పూర్తయిన పళ్ళ సెట్టు చేతిలోకి తీసుకుని, పై వరసని కింది వరస మీద పెట్టి, చెవి దగ్గర టకటకలాడిస్తాడు. రెండు వరసలూ సరిగ్గా కూర్చుంటే ఒకే చప్పుడు వస్తుంది. ఎక్కడో ఒక పన్ను ముందుగా తగిలితే చప్పుడు రెండుగా చీలుతుంది. అలా చీలిన రోజున టీ కూడా తాగకుండా కూర్చుని అరగదీస్తాడు. డాక్టర్లు అంత పట్టించుకోరు. పెట్టుకునే ముసలాళ్ళు కూడా నాలుగు రోజులు గొణిగి అలవాటు పడిపోతారు. అయినా అతను అలాంటి సెట్టుని బయటికి పంపడు.

ల్యాబంటే పెద్దదేం కాదు. బెంజ్ సర్కిల్ వెనక సందులో, ఒక మేడ మెట్ల కింది గది. దంత వైద్యుల దగ్గర్నుంచి నోటి అచ్చులు అక్కడికి వస్తాయి. పాల్ వాటిలో ప్లాస్టరు పోసి, మైనం మీద పళ్ళు నిలబెట్టి, గులాబీ రంగు చిగుళ్ళు తయారుచేస్తాడు. ఆ పని ముగిశాక అదే బల్ల మీద, అదే అరగదీసే చిన్న మోటారుతో, అదే మైనంతో యుద్ధ ట్యాంకులు చేస్తాడు. అసలు ట్యాంకులో ముప్పై అయిదో వంతు ఉండేవి. ప్లాస్టిక్ ముక్కల పెట్టె ఒకటి తెప్పించుకుంటాడుగానీ, అందులో సగం ముక్కలు పక్కన పారేస్తాడు. ఈ ట్యాంకు ఏ సైన్యానిది, ఏ యుద్ధంలోది, అప్పుడు ఏ పక్కన ఏ సామాన్ల పెట్టె ఉండేది అని పాత ఫోటోలు వెతికి, తేడాగా ఉన్న ప్రతి ముక్కనీ తనే మళ్ళీ చేస్తాడు. భార్య దీవెన వాటిని బొమ్మలంటుంది. అతను "మోడల్స్" అని సరిదిద్దుతాడు.

ఇదే పిచ్చి ఉన్నవాళ్ళ గ్రూపు ఒకటి అతని ఫోన్లో ఉంది. ఒకసారి అతను పెట్టిన ఫోటో కింద ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి, "వెనక దీపం తప్పు వైపు పెట్టారు" అని రాశాడు. ఆ ఒక్క మాటకి పాల్ రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఎవరూ వేలెత్తి చూపలేని ట్యాంకు ఒక్కటి చెయ్యాలని అప్పుడే అనుకున్నాడు.

అలాంటి ట్యాంకు గురించి చెప్పగలిగిన మనిషి ఇంటివాడే. దీవెన తండ్రి పుల్లయ్య డెబ్బై ఒకటో సంవత్సరం యుద్ధంలో సెంచూరియన్ ట్యాంకులో గన్నరుగా ఉన్నాడు. గురి చూసి గన్ను పేల్చటం ఆయన పని. పడమటి సరిహద్దులో ఆ ట్యాంకుకి దెబ్బ తగిలి మంటలు లేచాయి. పుల్లయ్య బయటపడ్డాడు. డ్రైవరు వెంకటప్పయ్య అందులోనే పోయాడు. సైన్యం నుంచి వచ్చేశాక పుల్లయ్య ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో ఉద్యోగం చేసి, రిటైరయ్యాక అక్కడే రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. భార్య కాలం చేసింది. ఒక్కడే ఉంటాడు.

ఆ ఇంట్లో ఏటా డిసెంబరులో కృతజ్ఞత కూడిక జరిగేది. పాస్టరు గారు వాక్యం చెప్పేవారు. పాటలయ్యాక పుల్లయ్య లేచి నిలబడి సాక్ష్యం చెప్పేవాడు. "అగ్నిగుండంలోంచి ప్రభువు నన్ను చెయ్యి పట్టుకుని బయటికి తీశాడు. ఈ ప్రాణం నాది కాదు, ఆయనిచ్చింది" అనేవాడు. అందరూ ఆమెన్ అనేవాళ్ళు. ఆ తర్వాత భోజనాలు.

ఆ కూడికకి తప్పకుండా వచ్చేవాళ్ళలో చర్చికి సంబంధం లేని మనిషి ఒకావిడ ఉండేది. పేరు రామతులసి. వెంకటప్పయ్య చెల్లెలు. ఉయ్యూరు పక్కన చెరుకు రైతుల ఇంటి పిల్ల. యుద్ధమయ్యాక పుల్లయ్య వాళ్ళ ఊరు వెళ్ళి, "గుండు తగలగానే పోయాడమ్మా, వాడికేమీ తెలీలేదు" అని తల్లికి చెప్పినప్పుడు ఆవిడకి పద్నాలుగేళ్ళు. తర్వాత ఆవిడ పెళ్ళిలో అన్న నిలబడాల్సిన చోట పుల్లయ్య నిలబడ్డాడు. అప్పట్నుంచీ ఏటా కూడిక రోజున ఆయన ఆవిడకి చీర పెట్టేవాడు. ఆవిడ కొత్త బెల్లం తెచ్చేది, "అన్నయ్యా" అంటూ కబుర్లు చెప్పేది, వాక్యం జరుగుతున్నంతసేపూ వెనక కుర్చీలో కూర్చుని కునికేది. వెళ్ళేటప్పుడు చీరని బస్సులో పక్కవాళ్ళకి కూడా చూపించేది, మా పుట్టింటి చీర అని.

పోయిన ఏడాది వేసవిలో పాల్ ఆ ట్యాంకు మొదలుపెట్టాడు. ఆదివారం చర్చి అవగానే ఫోన్లో ఫోటోలు పట్టుకుని ఇబ్రహీంపట్నం బయల్దేరేవాడు.

"మామయ్యగారూ, ఈ పెట్టె మీ ట్యాంకుకి ఉందాండీ?"

"నా కళ్ళకి ఇంతలో ఏం కనపడుద్దయ్యా? పెద్దది చెయ్యి."

పెద్దది చేసి చూపిస్తే పుల్లయ్య ఫోన్ని దూరంగా పట్టుకుని చాలాసేపు చూశాడు. "ఆ, ఉంది. అందులో ఉల్లిపాయలు దాచేవాళ్ళం. ఉల్లిపాయ లేకపోతే వెంకటప్పయ్యకి చపాతీ దిగేది కాదు. ఈ పక్క రేకు మాత్రం లేదు. ఎప్పుడో ఊడిపోయింది, మళ్ళీ బిగించలేదు."

వంటింట్లోంచి దీవెన తొంగిచూసింది. "ఇన్నేళ్ళలో మాకొక్క ముక్క చెప్పావా నాన్నా? అల్లుడికైతే ఉల్లిపాయలతో సహా చెప్తన్నావ్."

"నువ్వడిగావంటే? పాల్ అడిగాడు, చెప్తన్నా."

నిజమే, ఎవరూ అడగలేదు. ఏటా సాక్ష్యం వినేవాళ్ళకి మంటలూ ప్రభువు చెయ్యీ తెలుసు. ట్యాంకు ఎలా ఉండేదో, అందులో ఎవరు ఎక్కడ కూర్చునేవాళ్ళో తెలీదు. వారం వారం అడుగుతుంటే పుల్లయ్య మాటలు పెరిగాయి. తెల్లారి ఇంజను స్టార్ట్ చేసేటప్పుడు వెంకటప్పయ్య దాన్ని ఎడ్లని అదిలించినట్టు అదిలించేవాడని, సరిహద్దు దాటాక చెరుకు చేను కనిపిస్తే "మనూరొచ్చిందిరా పుల్లయ్యా, దిగుదామా" అన్నాడని చెప్పి నవ్వాడు. పాల్ కూడా నవ్వాడు. కానీ అతనికి కావలసింది చెరుకు చేను కాదు. ట్యాంకు మీద అంటిన మట్టి ఎర్రదా, నల్లదా అన్నది కావాలి.

వానలు వెనకబట్టాక ఒక ఆదివారం పాల్ మిగిలిన ఒకే ఒక ప్రశ్న అడిగాడు.

"దెబ్బ తగిలినప్పుడు ఎట్టా ఉందో అట్టా చేద్దామనుకుంటన్నానండీ. అప్పుడు గన్ను ఎటు వైపుంది?"

పుల్లయ్య జామకాయ తింటున్నాడు. చేతిలో ముక్క పళ్ళెంలో పెట్టేశాడు. చెయ్యి తుడుచుకున్నాడు. కుడి మోచెయ్యి బల్ల మీద ఆనించి చెయ్యి ముందుకు చాచి, కొంచెం కుడికి జరిపి, కొంచెం కిందికి దించాడు.

"ఇట్టా."

"కుడికా అండీ?"

"కుడికే."

లేచి పెరట్లోకి వెళ్ళాడు. పంపు తిప్పిన చప్పుడు వినిపించింది. పాల్ ఆ చెయ్యి వాలిన తీరుని మర్చిపోకముందే బొమ్మ గీసుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం, భోజనాల వేళ, ల్యాబులో ఎవరూ లేనప్పుడు పాల్ గన్నున్న పైభాగాన్ని ట్యాంకు మీద కూర్చోబెట్టాడు. పుల్లయ్య చూపించినట్టే కొంచెం కుడికి తిప్పి, గొట్టాన్ని కిందికి దించాడు. సెంచూరియన్‌లో డ్రైవరు ముందు వైపు, కుడి పక్కన కూర్చుంటాడు. అతని తల మీద రెండు చిన్న ఇనుప తలుపులుంటాయి, పైకి తెరుచుకుంటాయి. వాటికి పాల్ కుట్టుసూది ముక్కలతో నిజంగా తెరుచుకునే బందులు పెట్టాడు. పట్టకారుతో ఒక తలుపు ఎత్తి చూశాడు. అది బియ్యపుగింజంత లేచి గన్ను గొట్టానికి తగిలి ఆగిపోయింది. మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ ఆగింది.

ట్యాంకు వదిలి దూకేముందు గన్నరు చెయ్యాల్సిన పని ఒకటుందని పాల్ చాలాసార్లు చదివాడు. కరెంటు పోతే చేత్తో చక్రం తిప్పి అయినా గన్నుని డ్రైవరు తలుపుల మీద నుంచి పక్కకి జరపాలి. లేకపోతే డ్రైవరుకి దారుండదు.

పాల్‌కి అర్థమైంది. అర్థం కాలేదని తర్వాత ఎప్పుడూ చెప్పుకోలేకపోయాడు. గొట్టాన్ని వేలితో ఎడమకి జరిపి చూశాడు. వేలి మందం జరిపితే చాలు, తలుపులు హాయిగా తెరుచుకున్నాయి. ఎవరికి తెలుస్తుంది? గ్రూపులో ఎవరికీ తెలీదు. ఫోటో లేదు, సాక్షి లేడు. తెలిసిన మనిషి ఒక్కడే, ఆయనే చెయ్యి చాచి చూపించాడు. చూపించాడంటే పెట్టమనే కదా అనుకున్నాడు పాల్. ఫోన్ తీసి మామగారిని అడగాలనిపించింది. అడిగితే ఆయన వద్దంటాడేమోనని అడగలేదు.

గన్నుని మళ్ళీ కుడికి తెచ్చి, చిగుళ్ళు అతికించే ఆక్రిలిక్‌తోనే అతికించేశాడు. తలుపుని మూసి ఉంచొచ్చు. అలా చెయ్యలేదు. బియ్యపుగింజంత తెరిచి, గొట్టానికి ఆనించి, అక్కడ కూడా ఒక చుక్క వేశాడు. అంత బాగా అతను ఇంతవరకూ ఏదీ చెయ్యలేదు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి దీవెనతో మోడల్ పూర్తయిందన్నాడుగానీ, ఏం చేశాడో చెప్పలేదు.

డిసెంబరు కూడికకి మోడల్ తీసుకురమ్మని చెప్పింది పాస్టరు గారే. పుల్లయ్య సాక్ష్యం చెబుతుంటే అందరూ చూస్తారని. పాల్ దాన్ని గాజు డబ్బాలో పెట్టి, దీవెన ఒళ్ళో పెట్టి, బండి మీద తీసుకొచ్చి ముందు గదిలో టీపాయి మీద ఉంచాడు. పుల్లయ్య ఒకసారి దగ్గరికొచ్చి వంగి చూశాడు. కుర్చీలు సర్దటానికి వెళ్ళిపోయాడు. ఆ రోజు సాక్ష్యం చాలా పొట్టిగా చెప్పాడు. ప్రభువు చెయ్యి దాకా రాకుండానే కూర్చున్నాడు. గొంతు బాలేదేమో అనుకున్నారు.

భోజనాల వేళ జనం టీపాయి చుట్టూ మూగారు.

"పళ్ళు కట్టే చేతులేనా ఇవి పాల్ గారూ!"

"దీనికీ ఓ పళ్ళ సెట్టు పెట్టాల్సిందండీ, శత్రువుని కరిచేది."

రామతులసి కూడా ప్లేటు పట్టుకుని వచ్చి, "మా అన్న ఎక్కడ కూర్చునేవాడు బాబూ?" అని అడిగింది. పాల్ వేలితో చూపించాడు. ఆవిడ డబ్బా మీద ఆ చోట వేలు ఆనించి, చాలా ఇష్టంగా చూసింది.

అప్పుడే హనుమయ్య వచ్చాడు. పుల్లయ్యతో పాటు థర్మల్‌లో పనిచేసినవాడు. అంతకుముందు సైన్యంలో ట్యాంకులు బాగుచేసే మెకానిక్కు. కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తుకుని మోడల్ని చుట్టూ తిరిగి చూశాడు.

"బాగుందయ్యా. చక్రాలు బాగున్నయ్, రేకు ఊడటం బాగుంది. కానీ గన్ను తీసుకెళ్ళి డ్రైవరు నెత్తి మీద పెట్టావేంటి? తలుపు తెరుచుకోదు కదా. లోపలోడు ఎట్టా వస్తాడు? తప్పు చేశావ్. కాస్త పక్కకి తిప్పు."

ఔనండీ, తప్పే అనాలి. అంతే అనాలి. ఆ ఒక్క మాటతో హనుమయ్య గెలిచి, నవ్వి, బిర్యానీ దగ్గరికి వెళ్ళిపోయేవాడు. పాల్‌కి అది తట్టింది కూడా. కానీ తప్పు చేశావన్న మాట చెవిలో పడగానే అతని నోరు వేరే జవాబు చెప్పేసింది.

"తప్పు కాదండీ. అప్పుడు అట్టాగే ఉంది. మామయ్యగారే చెప్పారు."

హనుమయ్య కళ్ళజోడు కిందికి దించుకున్నాడు. మోడల్ వైపు, గుమ్మంలో నీళ్ళ జగ్గు పట్టుకుని నిలబడ్డ పుల్లయ్య వైపు చూశాడు. "ఓహో," అన్నాడు. చేతిలో ఖాళీ ప్లేటులోకి చూసుకున్నాడు.

"ఎట్టా వస్తాడంటావేంటన్నా?" అంది రామతులసి. "గుండు తగలగానే పోయాడు కదా. పోయినోడికి తలుపెందుకు?"

ఆవిడ హనుమయ్యని వదిలేసి పుల్లయ్య వైపు తిరిగింది.

"అన్నయ్యా?"

పుల్లయ్య జగ్గు కింద పెట్టాడు. "లేదమ్మా," అన్నాడు. "నేను దూకాక కూడా పిలిచాడు. నా పేరు పెట్టి పిలిచాడు. గన్ను జరపాల్సింది నేనే."

రామతులసి ప్లేటు టీపాయి అంచున పెట్టింది. పెరట్లోకి వెళ్ళి చెయ్యి కడుక్కుంది. తిరిగొచ్చి తన సంచి తీసుకుంది. కుర్చీలో ఆవిడ కోసం పెట్టిన చీర కవరు అలాగే ఉంది. దీవెన దాన్ని పట్టుకుని వీధి చివరి దాకా పరిగెత్తింది. కవరుతోనే వెనక్కి వచ్చింది.

ఇంటికొచ్చి దీవెన తలుపు వేశాక అంది, "తప్పేనండీ అని ఒక్క మాట అంటే మీ సొమ్మేం పోయేది? వెనక దీపం కాదండీ అది. మా నాన్న."

పాల్ ఫోన్ తీశాడు. ఆ పొద్దున బయల్దేరేముందు గ్రూపులో పెట్టిన ఫోటోకి అప్పటికే చాలా మెప్పులు వచ్చి ఉన్నాయి. తలుపు బియ్యపుగింజంత తెరిచి ఉండటం అద్భుతమని ఎవరో రాశారు. అతను ఫోటో తీసేశాడు. తీసేసినంత మాత్రాన ఏమీ తగ్గలేదు. ఆ వారమంతా పని మీద ధ్యాస లేదు. ఏ డాక్టరైనా అచ్చు గురించి అడిగితే, వాళ్ళకి కూడా తెలిసిపోయిందేమో అనిపించేది.

శనివారం మధ్యాహ్నం మోటారూ సన్న రంపమూ సంచిలో వేసుకుని ఇబ్రహీంపట్నం వెళ్ళాడు. పుల్లయ్య వరండాలో కూర్చుని ఉన్నాడు. మోడల్ లోపల టీపాయి మీదే ఉంది, కూడిక రోజు ఉన్న చోటే.

"కోసి తిప్పేస్తానండీ," అన్నాడు పాల్. "పావుగంట పని."

"తిప్పి?"

పాల్ తల వంచుకున్నాడు.

"వద్దు. ఉండనీ. అది తప్పు కాదని నువ్వే అన్నావుగా." ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అందుకే పాల్‌కి ఎక్కువ తగిలింది.

"నన్ను తిట్టండి మామయ్యగారూ."

"తిడితే నీకు బాగుంటది." పుల్లయ్య రోడ్డు వైపు చూశాడు. థర్మల్ బూడిద లారీ ఒకటి పోయింది. "నువ్వు అడిగావు, నేను చెప్పాను. ఎందుకు చెప్పానో నాకూ తెలీదు. అడిగేవాడు దొరికాడనుకున్నానేమో. నువ్వడిగింది గన్ను సంగతి. నాకది తర్వాత తెలిసింది."

పాల్ మెట్టు మీద కూర్చున్నాడు. ఆయన మళ్ళీ అందుకున్నాడు.

"ఇన్నేళ్ళూ నిలబడి ప్రభువు నన్ను తీశాడన్నాను. వాణ్ణెందుకు తియ్యలేదయ్యా అని ఒక్కళ్ళూ అడగలేదు. ఆమెన్ అన్నారు, అన్నం తిన్నారు. వాడి చెల్లెలు కూడా తినింది, నా ఎదురుగా కూర్చుని." పాల్ వైపు తిరిగి, "నన్ను ఉయ్యూరు తీసుకెళ్తావా?" అన్నాడు.

"ఏం చెప్తారండీ?"

"ఏం చెప్తాను? చెప్పాల్సింది నువ్వు చెప్పేశావు. ఊరికే వెళ్తాను."

జనవరిలో వెళ్ళారు. చెరుకు నరుకుతున్న రోజులు. ఫ్యాక్టరీకి పోయే ట్రాక్టర్ల వెనక బండి నెమ్మదిగా నడిచింది. పుల్లయ్య వెనక కూర్చుని దారంతా పాల్ భుజం పట్టుకునే ఉన్నాడు. రామతులసి వాకిట్లో పిడకలు తిరగేస్తోంది. వీళ్ళని చూసి లేచి, గేటు దగ్గరికి వచ్చి, గేటు తియ్యకుండా నిలబడింది.

"మా అమ్మ పోయేదాకా, నా కొడుక్కి నొప్పి తెలీలేదు, నిద్దట్లో పోయినట్టు పోయాడు అని చెప్పుకునేది," అంది. పుల్లయ్యని చూడలేదు, పాల్‌తోనే అంది. "నేనూ అట్టాగే చెప్పుకున్నా. నువ్వు బొమ్మ చేసి చూపించావు, అట్టా కాదని."

"క్షమించండమ్మా," అన్నాడు పాల్.

"ఎందుకు? అబద్ధం చేశావా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"మరి దేనికి క్షమించాలి? బాగా చేశావనాలా, ఎందుకు చేశావనాలా నాకే తెలట్లా." అప్పుడు పుల్లయ్య వైపు చూసింది. ఆయన చెప్పులు విడిచి మట్టిలో నిలబడి ఉన్నాడు, ఎండలో. "చెప్పులేసుకో. ముళ్ళున్నయ్యక్కడ," అంది. అన్నయ్యా అనలేదు.

లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి, గేటు పైనుంచి ఇద్దరికీ ఇచ్చింది. తాగాక చెంబు తీసుకుని వెళ్ళిపోయింది. తలుపు వేసుకోలేదు.

తిరుగు దారిలో పుల్లయ్య ఒకే మాట అన్నాడు, వచ్చే నెల కూడా వద్దామని. పాల్ సరేనన్నాడు. ఆయన కోసం సరేనన్నాడా, తన కోసమా అన్నది అతనికి తేలలేదు. ఆ దారిలో బండి నడుపుతున్నంతసేపూ తన పాపానికి పెట్రోలు పోస్తున్నట్టే ఉంటుందని ఒకసారి దీవెనతో అన్నాడు. పోస్తూనే ఉండండి అంది ఆమె.

ఈ డిసెంబరులో పుల్లయ్య ఇంట్లో కృతజ్ఞత కూడిక జరగలేదు. పాస్టరు గారు రెండుసార్లు అడిగి ఊరుకున్నారు. ల్యాబులో పళ్ళ పని ఎప్పటిలాగే ఉంది. ప్రతి నెలా రెండో శనివారం పాల్ మామగారిని బండి మీద ఉయ్యూరు తీసుకెళ్తాడు. రామతులసి ఇద్దరికీ మంచినీళ్ళిస్తుంది. ఆవిడ వాళ్ళని ఇంతవరకూ లోపలికి రమ్మనలేదు.